ఆసుపత్రిలో 152/94, ఇంట్లో 128/80: ఏ అంకెను నమ్మి మాత్ర మొదలుపెట్టాలి?

తొలిసంధ్య
నా వయసు 46. మామూలు పరీక్షల కోసం వెళ్లినప్పుడు నా రక్తపోటు 152/94 అని రాశారు, కాసేపటికి మళ్లీ చూస్తే 146/90 వచ్చింది, వెంటనే మాత్ర మొదలుపెట్టాలన్నారు. ఇంట్లో మిషన్ ఉంది కాబట్టి ఆ సాయంత్రం చూసుకుంటే 128/80, మర్నాడు పొద్దున 134/84, మధ్యాహ్నం 121/76 వచ్చాయి. ఒకే మనిషికి ఒక్క రోజు తేడాలో ఇన్ని రకాల అంకెలు ఎలా వస్తాయో నాకు అర్థం కావడం లేదు. తేడా నా ఒంట్లో ఉందా, మిషన్‌లో ఉందా, చూసిన పద్ధతిలో ఉందా? ఏళ్ల తరబడి వేసుకోవలసిన మందు అంటున్నారు కాబట్టి, దేన్ని ఆధారం చేసుకుని నిర్ణయించుకోవాలో తెలిసినవారు వివరంగా చెప్పండి.

అత్తిపత్తి
నాదీ ఇదే పరిస్థితి. చేతికి పట్టీ చుట్టి గాలి ఎక్కించడం మొదలుపెట్టగానే నా గుండె దడదడలాడుతుంది, ఆ దడకే అంకె పెరుగుతుందని నా నమ్మకం. జవాబు కోసం నేనూ ఎదురుచూస్తాను.

వార్డుసిస్టర్
తొలిసంధ్య గారూ, అంకెల సంగతికి ముందు అవి ఎలా తీశారో చెప్పండి. వెళ్లగానే చూశారా, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూశారా? వీపుకు ఆనుకునే కుర్చీ ఉందా? పాదాలు నేలకు ఆనాయా, కాలు మీద కాలు వేసుకున్నారా? చేయి బల్ల మీద గుండె మట్టానికి ఉందా, ఒళ్లో వేలాడుతూ ఉందా? మిషన్ నడుస్తున్నప్పుడు ఎవరైనా మీతో మాట్లాడుతున్నారా? పట్టీని చొక్కా చేతి మీదే చుట్టారా?

ఇవి చాదస్తపు ప్రశ్నలు కావు. చేయి గుండె మట్టం కంటే పది సెంటీమీటర్లు కిందికి ఉంటే ఒక్క ఆ కారణంగానే అంకె ఏడెనిమిది పెరుగుతుంది. మూత్రం ఆపుకుని కూర్చున్నా, మాట్లాడుతున్నా, అరగంట లోపల కాఫీ తాగినా, పొగ తాగినా, వ్యాయామం చేసినా పెరుగుతుంది. అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది పట్టీ కొలత. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. పట్టీ లోపలి గాలిసంచి పొడవు చేతి చుట్టుకొలతలో దాదాపు 80 శాతం ఉండాలని నియమం. ఇంట్లో మిషన్ కొనేవారు దాని ధర, రంగు చూస్తారు తప్ప టేపు పెట్టి తమ చేతి చుట్టుకొలత చూసుకోరు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

తొలిసంధ్య
మెట్లెక్కి వెళ్లాను, వెళ్లగానే చూశారు. పరీక్ష మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను, చూస్తున్నంతసేపూ వారు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెబుతూనే ఉన్నాను. ఇంట్లో మాత్రం కుర్చీలో కూర్చుని, చేయి బల్ల మీద పెట్టి చూసుకున్నాను.

వార్డుసిస్టర్
అయితే ఆ రెండు అంకెలనూ కొట్టిపారేయనక్కరలేదు గాని, వాటి మీద మాత్ర నిర్ణయం మాత్రం నిలబడదు.

లెక్కలపంతులు
నేను వైద్యుణ్ని కాను, కొలతల గురించి చదువుకున్నవాణ్ని. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది, ప్రతి కొట్టుకీ ధమనుల్లో ఒక పై పీడనం, ఒక కింది పీడనం ఉంటాయి. గుండె ముడుచుకుని రక్తాన్ని తోసినప్పుడు గోడల మీద పడే ఒత్తిడి పై అంకె (సిస్టాలిక్), రెండు కొట్టుల నడుమ గుండె సడలినప్పుడు మిగిలే ఒత్తిడి కింది అంకె (డయాస్టాలిక్). రెండింటినీ పాదరసం మట్టం ఎన్ని మిల్లీమీటర్లు లేస్తుందో దానితో చెబుతారు. మీరు చూసుకున్న 128/80 ఆ లక్ష జతల్లో ఒకటీ రెండూ మాత్రమే. నిద్రలో తగ్గి, మేలుకునే వేళకు పెరిగి, భయానికీ నొప్పికీ చలికీ పెరిగే విలువను ఒక్క జతతో తేల్చడం కుదరదు. మీ 121కీ 134కీ మధ్య తేడా చూసి మిషన్ పాడైందనుకోకండి, అది ఆరోగ్యవంతులకూ ఉండే సహజమైన ఊగిసలాట. మనకు కావలసింది ఆ ఊగిసలాటకు నడుమ ఉన్న విలువ, అంటే ఒకే పద్ధతిలో తీసిన అనేక కొలతల సగటు.

ఇంటి మిషన్ల గురించి ఒక మాట. 1905లో కొరొట్కాఫ్ వివరించిన చప్పుళ్లను స్టెతస్కోపుతో విని అంకె చెప్పడం పాత పద్ధతి. ఇంట్లో వాడే మిషన్ చప్పుళ్లు వినదు. పట్టీలోని గాలిలో కలిగే ప్రకంపనలను పసిగట్టి, అవి ఎక్కడ గరిష్ఠంగా ఉన్నాయో చూసి, తయారీదారు పెట్టుకున్న సూత్రంతో పై అంకెనూ కింది అంకెనూ లెక్కగడుతుంది. అందుకే ప్రమాణ పరీక్షల్లో నెగ్గిన మిషన్‌నే కొనాలి.

మొండిఘటం
ఇంత హడావిడి అవసరం లేదని నేను గట్టిగా అనుకుంటున్నాను. వందకు వయసు కలిపితే ఎంత వస్తుందో అంతవరకు మామూలేనని మా పెద్దలు చెప్పేవారు, అప్పటి వైద్యులూ చెప్పేవారు. నాకు 61 ఏళ్లు, పై అంకె 158 ఉంటుంది. తలనొప్పి లేదు, కళ్లు తిరగవు, రోజూ నడుస్తాను. హద్దు అంకెను ఏటికేడు దించుకుంటూ పోతే ఆరోగ్యంగా ఉన్నవారందరూ రోగులైపోతారు. బాధ లేని చోట మందు ఎందుకు?

స్టెతస్కోపు
మొండిఘటం గారి ప్రశ్నకు మర్యాదగానే, కానీ మొహమాటం లేకుండా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇదే ఆలోచనతో ఉన్నవారిని పక్షవాతం వచ్చాక నేను చూస్తుంటాను. నేను సాధారణ వైద్యుణ్ని.

ఎక్కువ రక్తపోటు చాలామందికి ఏ బాధా కలిగించదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం, నొప్పి లేదు కాబట్టి మూత్రపిండాలు బాగున్నాయనుకోవడం లాంటిదే. ధమనుల గోడలు మందమవుతాయి, ఆ ఒత్తిడికి ఎదురు తోయలేక గుండె ఎడమ గది కండరం దళసరెక్కుతుంది, మూత్రపిండాల్లోని సన్నని వడపోత నాళాలు దెబ్బతింటాయి, కంటి వెనుక నాళాలు మారతాయి. ఇవన్నీ ఏళ్ల మీద, చప్పుడు లేకుండా జరుగుతాయి.

‘వందకు వయసు’ అనే లెక్కకు ఆధారం లేదు. వయసుతో పై అంకె పెరగడం సాధారణమే, కానీ సాధారణం వేరు, క్షేమం వేరు. 2002లో ప్రచురితమైన ఒక పెద్ద విశ్లేషణ 61 అధ్యయనాలలోని దాదాపు పది లక్షల మంది వివరాలను కలిపి చూసింది. 40 నుంచి 69 ఏళ్ల వారిలో 115/75 మొదలుకొని పై అంకె ప్రతి 20కి, లేదా కింది అంకె ప్రతి 10కి పెరిగిన కొద్దీ పక్షవాతంతోనూ గుండె ధమనుల జబ్బుతోనూ చనిపోయే ప్రమాదం రెట్టింపవుతున్నట్టు తేలింది. ఇక్కడి నుంచి ప్రమాదం, ఇంతవరకు క్షేమం అని గీత గీయగల మలుపు ఆ పరిధిలో కనిపించలేదు.

వెనకటి వైద్యులు వదిలేశారన్న మాట మాత్రం నిజమే, దించడానికి వారి చేతిలో సరైన మందులు లేవు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు 1944 మార్చిలో 186/108 ఉన్నట్టు ఆయన వైద్యుడు నమోదు చేశారు, 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. బీపీని మందుతో దించితే ప్రాణాలు నిలుస్తాయని గట్టి పరీక్షతో నిరూపణ అయింది 1967లో.

మీ 158 విషయానికి వస్తే, 1991లో వెలువడిన ఒక పరీక్షలో 60 దాటినవారికి, పై అంకె 160 గాని అంతకు మించి గాని ఉండి కింది అంకె 90 లోపు ఉన్నవారికి మందు ఇచ్చి చూశారు. మందు వేసుకున్నవారిలో పక్షవాతం 36 శాతం తగ్గింది. మీరు ఆ గుంపుకు గుమ్మంలో ఉన్నారు. మీరు వెంటనే మాత్ర వేసుకోవాలని నేననడం లేదు, ఇంట్లో ఒక వారం పద్ధతిగా చూసి ఆ సగటును మీ వైద్యునికి చూపించండి.

మొండిఘటం
నాకు కోపం రాలేదు. పై అంకె 158 అని చెప్పాను గాని కింది అంకెను నేను పట్టించుకోలేదు. చూసి చెబుతాను. హద్దులు దించుతున్నారన్న మాటకు మాత్రం మీరు జవాబు చెప్పలేదు.

లెక్కలపంతులు
దానికి నేను చెబుతాను, ఎందుకంటే ఆ విషయంలో నాకు మీతో కొంత ఏకీభావం ఉంది. 2017లో అమెరికా మార్గదర్శకాలు అధిక రక్తపోటు హద్దును 140/90 నుంచి 130/80కి దించాయి. 2020లో అంతర్జాతీయ హైపర్‌టెన్షన్ సంఘం 140/90 దగ్గరే ఉంది. 2024లో యూరప్ హృద్రోగ నిపుణుల సంఘం కూడా జబ్బు పేరుకు 140/90నే ఉంచింది, కానీ 120/70 నుంచి 140/90 కింది దాకా ‘పెరిగిన రక్తపోటు’ అనే మధ్య వర్గాన్ని పెట్టింది. అంటే ఒకే మనిషి 134/84తో ఒక దేశంలో రోగి, మరో చోట కాదు.

ఈ దించుడుకు ప్రధానమైన ప్రేరణ 2015 నాటి స్ప్రింట్ పరీక్ష. 50 దాటి, గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 9,361 మందిలో పై అంకెను 120 లోపు ఉంచాలని చూసిన గుంపుకు, 140 లోపు ఉంచిన గుంపు కంటే గుండెపోటు, పక్షవాతం వంటివి నాలుగో వంతు తగ్గాయి. కానీ మధుమేహం ఉన్నవారిని, అంతకు ముందు పక్షవాతం వచ్చినవారిని అందులో చేర్చలేదు. బీపీ చూసిన తీరు కూడా మెట్లెక్కి వచ్చినవారిని మంచం అంచున కూర్చోబెట్టి చూసినట్టు కాదు, ప్రశాంతంగా కూర్చోబెట్టి మిషన్‌తో పలుమార్లు చూశారు. ఆ పరీక్షలోని 120ని తెచ్చి తొందరపాటు కొలతల మీద పెడితే అవసరం లేని మందులు పడతాయి. నా అభ్యంతరం హద్దు మీద కాదు, హద్దును ఒక రకంగా కొలిచి తేల్చి, మనుషులను మరో రకంగా కొలవడం మీద.

స్టెతస్కోపు
ఈ అభ్యంతరం న్యాయమైనదే. అదే పరీక్షలో ఎక్కువగా దించిన గుంపులో బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం, లవణాల తేడాలు, మూత్రపిండాల సమస్యలు ఎక్కువగా కనిపించాయని కూడా చెప్పాలి. ఒకచోట మాత్రం పంతులుగారితో విభేదిస్తాను. హద్దు అంకె మందుకు మీట కాదు. 134/84 ఉన్న మనిషికి మధుమేహమో, మూత్రపిండాల జబ్బో, పొగ తాగే అలవాటో ఉంటే ఒక నిర్ణయం, ఏమీ లేని నలభై ఏళ్ల మనిషికి మరో నిర్ణయం. మందు అక్కరలేని వారికి కూడా ‘మీరు గట్టు మీద ఉన్నారు, ఉప్పు తగ్గించండి, బరువు చూసుకోండి’ అని ముందుగా చెప్పడానికి ఆ మధ్య వర్గం పనికొస్తుంది. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే ఒక చెంచా కంటే తక్కువ, అన్ని వంటల్లోనూ దాగినదంతా కలిపి.

నీలికలువ
తొలిసంధ్య గారి కథకు పూర్తిగా తిరగబడిన కథ నాది. ఎప్పుడు వైద్యుని దగ్గర చూపించుకున్నా 126/78 దగ్గరే ఉండేది, అందరూ మెచ్చుకునేవారు. ఇంట్లో ఉదయం లేవగానే చూసుకుంటే 148, 150 వచ్చేది. ఇంటి మిషన్ తప్పు చూపిస్తోందని అందరూ అన్నారు. చివరకు 24 గంటలూ చేతికి కట్టి ఉంచే మిషన్ పెట్టించుకున్నాను. సాధారణంగా నిద్రలో 10 నుంచి 20 శాతం తగ్గవలసిన బీపీ నాకు రాత్రి కూడా దిగడం లేదని అందులో తేలింది. తరువాత నిద్ర పరీక్ష చేస్తే గురకలో శ్వాస ఆగిపోయే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా బయటపడింది. కాబట్టి ఆసుపత్రిలో ఎక్కువ, ఇంట్లో తక్కువ అనేది ఒక్కటే దారి కాదని అందరూ గుర్తుంచుకోవాలని నా విన్నపం.

స్టెతస్కోపు
ఎంతో విలువైన అనుభవం చెప్పారు. ఆసుపత్రిలో మాత్రమే పెరిగేదాన్ని వైట్‌కోట్ హైపర్‌టెన్షన్ అంటాం, మీకున్నట్టు దాగి ఉండేదాన్ని మాస్క్‌డ్ హైపర్‌టెన్షన్ అంటాం. రెండోదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని ఎవరూ వెతకరు. అత్తిపత్తి గారూ, మొదటిది కూడా పూర్తిగా నిరపాయమని అనుకోవద్దు. ఏళ్లు గడిచేకొద్దీ వారిలో కొందరికి అసలు బీపీయే వస్తుంది కాబట్టి మందు లేకపోయినా ఏటా చూసుకుంటూ ఉండాలి.

అన్నట్టు ఇంటి కొలతలకు హద్దు వేరు. ఆసుపత్రిలో 140/90కి సమానమైనది ఇంట్లో 135/85గా, 24 గంటల సగటులో 130/80గా తీసుకుంటాం.

అత్తిపత్తి
ఇంట్లో 135/85 అని ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ ఇంట్లో 138 వస్తే 140 లోపే కదా అని నిశ్చింతగా ఉన్నాను. ఒక వారం ఎలా చూసుకోవాలో ఎవరైనా చెబుతారా?

వార్డుసిస్టర్
పొద్దున మాత్ర వేసుకోకముందు, ఏమీ తినకముందు, మూత్రానికి వెళ్లి వచ్చాక ఐదు నిమిషాలు కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. రాత్రి పడుకునే ముందు మళ్లీ రెండుసార్లు. వారం పాటు ఇలా చూసి, మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటికి సగటు కట్టండి. మొదటిసారి రెండు చేతులకూ చూసి ఎక్కువ వచ్చిన చేతినే ఎప్పుడూ వాడండి. రెండు చేతులకూ నడుమ 10కి మించి తేడా ప్రతిసారీ వస్తుంటే అది వైద్యునికి చెప్పవలసిన విషయం. నచ్చని అంకె వచ్చిందని చెరిపేసి మళ్లీ చూసుకోవద్దు, వచ్చినదంతా రాయాలి.

మీరు వాడే ఇతర మందులు కూడా ఆ కాగితం మీదే రాయండి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, ముక్కు దిబ్బడ మందులు, స్టెరాయిడ్లు, కొన్ని గర్భనిరోధక మాత్రలు బీపీని పెంచుతాయి.

కొత్తచిగురు
నాకు ఏడో నెల. నిన్న 142/92 వచ్చింది. నేను కూడా వారం పాటు రాసి సగటు చూసుకోవచ్చా?

వార్డుసిస్టర్
వద్దమ్మా, గర్భిణులకు ఆ పద్ధతి వర్తించదు. ఐదో నెల దాటాక 140/90 వస్తే ఈ రోజే మీ ప్రసూతి వైద్యురాలికి చెప్పి, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష, రక్త పరీక్ష చేయించుకోవాలి. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, అంకె 160/110 తాకినా ఫోన్ చేసి ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

కొత్తచిగురు
ఇప్పుడే బయలుదేరుతున్నాను.

తొలిసంధ్య
వార్డుసిస్టర్ గారు చెప్పినట్టే వారం చూశాను. సగటు 131/82 వచ్చింది. మోకాలి నొప్పికి కొంతకాలంగా నేను వాడుతున్నది ఐబుప్రొఫెనే. కాగితం తీసుకెళ్లి చూపిస్తే వైద్యులు రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం, చక్కెర, కొవ్వులు, మూత్రం, ఈసీజీ చూశారు, అన్నీ బాగున్నాయి. నొప్పి మాత్ర మార్చి, ఉప్పు, బరువు తగ్గించే ప్రయత్నం మొదలుపెట్టి, మూడు నెలల తరువాత మళ్లీ వారం కొలతలతో రమ్మన్నారు. అప్పటికీ దిగకపోతే మాత్ర గురించి మాట్లాడదామన్నారు, దానికి నేను ఒప్పుకున్నాను.

మొండిఘటం
నాది 161/84. వైద్యునికి చూపించే రోజు ఖాయం చేసుకున్నాను. ఇంకో సందేహం. ఒక బంధువుకు ఒక రాత్రి 186/112 వచ్చింది, భయపడి ఒకేసారి రెండు మాత్రలు వేసుకున్నారు. అది సరైన పనేనా?

స్టెతస్కోపు
సరైన పని కాదు. 180/120 దరిదాపుల్లో అంకె వచ్చినప్పుడు మొదట చూడవలసింది మనిషిని. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చేయి గాని కాలు గాని బలహీనపడటం, చూపు పోవడం, తికమక ఉంటే అది అత్యవసరం, అంబులెన్సు పిలవాలి. అవేవీ లేకపోతే కూర్చుని ఐదారు నిమిషాల తరువాత మళ్లీ చూడాలి, ఎక్కువగానే ఉంటే ఆ రోజో మర్నాడో వైద్యుణ్ని కలవాలి. ఏళ్లుగా ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడిన మెదడుకు ఒక్కసారిగా ఒత్తిడి పడిపోతే రక్తం చాలక హాని జరగవచ్చు.

నడిరేయి
మా నాన్నగారికి 79 ఏళ్లు, బీపీకి రెండు రకాల మాత్రలు వాడుతున్నారు. కూర్చోబెట్టి చూస్తే 152/66 వస్తోంది. కింది అంకె బాగుందని ఇంట్లో ఒకరు, పై అంకె బాగాలేదని ఒకరు అంటున్నారు. ఈ మధ్య రాత్రిపూట మంచం దిగగానే తూలుతున్నారు, ఒకసారి పడ్డారు కూడా. మాత్ర పెంచాలా, తగ్గించాలా?

స్టెతస్కోపు
వయసు మీరేకొద్దీ పెద్ద ధమనులు బిరుసెక్కి సాగే గుణం కోల్పోతాయి, అందువల్ల పై అంకె పెరిగి కింది అంకె తగ్గుతుంది. ఆ రెండింటికీ నడుమ 86 తేడా ఉండటం ఆ బిరుసుకు గుర్తు, కింది అంకె తక్కువగా ఉండటాన్ని మంచి లక్షణంగా తీసుకోకూడదు. అయితే తూలుతున్నారన్న మాట దీనికంటే తొందరగా తేల్చవలసినది. ఆయనను ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి, నిలబెట్టిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడండి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గాని కింది అంకె 10 గాని పడితే, నిలబడగానే బీపీ పడిపోతున్నట్టే.

నడిరేయి
ఈ ఉదయం చూశాం. పడుకున్నప్పుడు 156/68, నిలబడిన నిమిషానికి 128/60, మూడు నిమిషాలకు 126/62. నాడి కూడా ఒక వరుసలో లేదని మిషన్ గుర్తు చూపించింది.

లెక్కలపంతులు
నాడి వరుస తప్పినప్పుడు మిషన్ సూత్రం తడబడుతుంది కాబట్టి ఒక్క కొలతను నమ్మకుండా మూడేసి కొలతలు తీసి సగటు చూడండి.

స్టెతస్కోపు
ఈ మూడు జతలూ, మిషన్ చూపిన గుర్తూ తీసుకుని ఈ వారంలోనే వైద్యుణ్ని కలవండి, ఈసీజీ తీయించండి, ఎందుకంటే వరుస తప్పిన నాడి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బు అయితే పక్షవాతం రాకుండా వేరే మందు అవసరం కావచ్చు. బీపీ మాత్రలే కాక ప్రొస్టేట్‌కు, నిద్రకు, మానసిక దిగులుకు, మూత్రం జారీ కావడానికి వాడేవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, వాటిలో చాలావరకు నిలబడినప్పుడు బీపీని పడేస్తాయి. ఏ మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నారో కూడా చెప్పండి. 21 వేల మందితో చేసి 2022లో ప్రకటించిన ఒక పరీక్షలో పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెకు కలిగే మేలులో తేడా కనిపించలేదు, కాబట్టి ఆయన రాత్రి లేచే వేళకు మందు ప్రభావం ఎక్కువగా లేకుండా వేళ మార్చే వీలు వైద్యునికి ఉంటుంది. అప్పటివరకు మీ అంతట మీరు ఏ మాత్రా ఆపవద్దు, పెంచవద్దు. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలు పైకీ కిందికీ ఆడించమని, ఆ తరువాతే నిలబడమని చెప్పండి. మూత్రానికి వెళ్లే దారిలో దీపం వెలుగుతూ ఉండనివ్వండి.

నడిరేయి
ఎల్లుండికి సమయం దొరికింది. మందులన్నీ ఒకచోట పెడుతుంటే ముక్కు దిబ్బడ మాత్రలు కూడా కనిపించాయి, వాటినీ సంచిలో వేశాను.